తృప్తి బిళ్ల

ఆగస్టు పదకొండు, ఆదివారం. ఆ రోజు మా ఇంట్లో కొరమేను పులుసు, గుత్తివంకాయ, దోసకాయ పప్పు, బూరెలు. మా ఆవిడ తాయారు పోయిన తిథి ఆ ఏడు ఆ రోజున పడింది. బూరెకి మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసుకుంటుంటే, కాకినాడ వచ్చిన కొత్తలో అలా తినడం నాకు నేర్పింది తాయారేనని గుర్తొచ్చింది.

మా వైపు పెద్దలకు పెట్టే పద్ధతి ఒకటుంది. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వడ్డించి, పటం ముందు పెడతాం. తరవాత తలుపు దగ్గరగా వేసి అందరం బయటికి వచ్చేస్తాం. ఎవరూ తొంగిచూడకూడదు, మాట్లాడకూడదు. తినేవాళ్లని చూస్తే వాళ్లకి ముద్ద దిగదని మా అమ్మ చెప్పేది. కాసేపయ్యాక చిన్నగా దగ్గి తలుపు తీస్తాం. నేను జువాలజీ లెక్చరరుగా ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. అయినా ఆ దగ్గడం మాత్రం ఎప్పుడూ మానలేదు.

ఆ రోజు మా అమ్మాయి స్వరూప తన కూతురు తరళని హాస్టల్ నుంచి తీసుకొచ్చింది. తరళ ఇంటర్ రెండో ఏడు. రాజానగరం వైపు ఒక పెద్ద కాలేజీలో ఉంటుంది. ఒక్కరోజు సెలవు కోసం స్వరూప వాళ్లని బతిమాలాల్సి వచ్చింది. అల్లుడు ఓడ మీద ఇంజనీరు, ఆ నెలలో ఎక్కడో సింగపూర్ అవతల ఉన్నాడు.

వచ్చిన దగ్గర్నుంచి తరళ ఒక్క మాటా మాట్లాడలేదు. తలుపు వేసినప్పుడు అందరితోపాటు మౌనంగా కూర్చుంది. తలుపు తీశాకా అలాగే ఉంది. ఆకుల ముందు కూర్చున్నాం. తాయారు చెల్లెలు బుల్లెమ్మ వడ్డిస్తూ ఆగి, పిల్ల తల నిమిరింది.

"చూడండి బావగారూ, మన తరళ ఎంత నిష్ఠగా ఉందో! అమ్మమ్మ దినమని నోరు మెదపట్లేదు. మా ఇంట్లోనూ ఉన్నారు ఇద్దరు పిల్లలు. ఆకు ముందు కూచుంటే కాకులు నయం."

"వాళ్లు నీ పోలికేలే బుల్లెమ్మా," అన్నాను.

అందరూ నవ్వారు. తరళ కూడా నవ్వింది, పెదవులు విడకుండా. మేం దాన్ని భక్తి అనుకున్నాం. ఇంకే ఇంట్లోనైనా, ఇంకే రోజైనా, పిల్ల ఎందుకు మాట్లాడటం లేదని ఎవరో ఒకరు అడిగేవారు.

సాయంత్రం పెరట్లో ఎంగిలాకుల దగ్గర వీధి కుక్క ఒకటి చేరింది. బక్కది, పాలిచ్చే తల్లి. నేనూ స్వరూపా మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. అది ఒక మడిచిన ఆకుని ముక్కుతో విప్పింది. అన్నం, పప్పు, కొరమేను ముక్క, బూరె, అన్నీ వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. కుక్క ఆవురావురుమంటూ తింది. ఆ పూట మా ఇంట్లో బాగుపడింది ఆ ప్రాణి ఒక్కటే.

స్వరూప గబగబా లోపలికి వెళ్లి తరళ గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువు."

తరళ పెదవులు బిగించి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కళ్లల్లో మొండితనం లేదు. ఒళ్లో పసిబిడ్డని ఎవరో లాక్కోబోతుంటే తల్లి కళ్లల్లో ఉండే భయం ఉంది. స్వరూప వంగి, పిల్ల ఊపిరి వాసన చూసింది. నాకూ తగిలింది ఆ వాసన. బాదం ఆకులు నానిన నీళ్ల వాసన.

స్వరూప అక్కడే నేల మీద కూలబడింది.

"నాన్నా, ఇది తృప్తి వేసుకుంటోంది."

*

ఆ బిళ్ల కనిపెట్టింది స్వరూపే.

తాయారుకి అన్నవాహికలో పుండు. చివరి రెండు నెలలూ నీళ్లు కూడా దిగలేదు. గొట్టంతో పాలు పోసేవాళ్లం. కడుపు నిండేది కానీ ఆకలి చావలేదు. "ఏవండీ, ఆవకాయ వాసన వస్తోంది, ఎవరిల్లు?" అని అడిగేది. మా వీధిలో నలుగురు ఆడవాళ్లు చెప్పుకుని, తాయారు పోయేదాకా తాలింపు వేసేటప్పుడు కిటికీలు మూసుకున్నారు. ఆ సంగతి నాకు చాలా కాలం తరవాత తెలిసింది. వాళ్లకి నేనింకా దణ్ణం పెట్టుకోలేదు.

ఆకలితో పోయిన తల్లిని చూసిన స్వరూప, ఆకలిని ఆపే మందు కోసం వెతికింది. సామర్లకోట రోడ్డులో ఆమె పనిచేసే మందుల కంపెనీ లేబరేటరీలోకి బోర్నియో బురదవాగుల నుంచి ఒక చేప వచ్చింది. అక్వేరియం షాపుల్లో గాజుసీసాల్లో అమ్మే ఫైటర్ చేపకి అడవి జ్ఞాతి అది. రంగులు లేవు, పొడుగు తోక లేదు, ఎండుటాకులా ఉంటుంది. పేరుకే యుద్ధచేప. రెండు మగచేపలు ఎదురుపడితే మొప్పలు విప్పి బెదిరించుకుని పక్కకి తప్పుకుంటాయి. దాని గొప్పంతా నోట్లో ఉంది. ఆడచేప గుడ్లు పెట్టి, ఒక్కొక్కటే నోటితో ఏరి మగచేప ముందు ఉమ్ముతుంది. అది అందుకుంటుంది. పిల్లలయ్యేదాకా రెండు వారాలు వాటిని నోట్లోనే తిప్పుతూ కాపాడుతుంది. అన్నాళ్లూ ఏమీ తినదు. ఎదురుగా దోమపిల్లలు ఈదుతున్నా మొహం తిప్పుకుంటుంది.

"దానికి ఆకలి ఉండదు నాన్నా. తిండి చూస్తే రోత పుడుతుంది. ఆ రోత పుట్టించే పదార్థం దాని నోటి జిగురులోనే ఉంది," అంది స్వరూప ఆ రోజుల్లో, కళ్లు మెరుస్తుండగా. "అది దొరికితే అమ్మలాంటివాళ్లు హాయిగా పోతారు."

ఆ చేపకి టీనీళ్ల రంగు నీళ్లు కావాలి. పాత కాలేజీ ఆవరణలో రాలిన నాటు బాదం ఆకులు బస్తాకెత్తి నేనే తీసుకెళ్లేవాణ్ణి. అలా వెళ్లిన ఒక ఉదయం వాళ్లు జిగురు తియ్యడం చూశాను. కుమారి అనే టెక్నీషియన్ మగచేపని తడిగుడ్డలో పట్టుకుంది. పట్టుకునే ముందు చేతుల్ని తొట్టె నీళ్లలో కాసేపు ఉంచింది, చేతి వేడి చేపకి తగలకుండా. అంత మెత్తని మనిషి కూడా తరవాత చెయ్యాల్సింది చేసింది. సన్నని పుల్లతో దవడ తెరిచి, దూదితో నోరంతా తుడిచింది. గుడ్లు కొన్ని గుడ్డ మీద పడ్డాయి. మిగిలినవాటిని ఆ చేప గుటుక్కున మింగేసింది.

"అదేమిటమ్మా, తన పిల్లల్ని తనే?"

"భయపడితే అంతే సార్," అంది కుమారి తలెత్తకుండా. "కెమెరా లైటు కిందవైతే ముట్టుకోకపోయినా మింగేస్తాయి. ఆకుల చాటున ఉన్నవే పిల్లల్ని బయటికి వదులుతాయి."

ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేకపోయాను. అయినా తాయారు ముఖం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

చప్పరించే బిళ్ల తయారైంది. ఆసుపత్రుల్లో, చివరి మంచాల మీద ఉన్నవాళ్లకి ఇచ్చారు. బొబ్బిలి నుంచి ఒకాయన వచ్చి, తన తల్లి నిమ్మళంగా పోయిందని స్వరూప చేతులు పట్టుకుని ఏడ్చాడు. అది నిజం. ఆ మేలు జరగలేదని నేనెప్పుడూ అనను. తరవాత ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లకి అమ్మారు. ఆ తరవాత ఎవరికమ్మారో స్వరూపకి చెప్పడం మానేశారు.

*

మర్నాడు ఉదయం తరళని బుల్లెమ్మ దగ్గర ఉంచి, ఇద్దరం ఆ కాలేజీకి వెళ్లాం. క్యాంపస్ డీన్ అట, చలపతిరావు అని, ఎదురొచ్చి స్వరూపకి నమస్కారం పెట్టాడు.

"మీరేనా మేడమ్ తృప్తి కనిపెట్టింది! తరళ మదర్ మీరని ఇన్నాళ్లూ తెలీదు. ముందే తెలిస్తే ఫౌండర్స్ డేకి చీఫ్ గెస్టుగా పిలిచేవాళ్లం."

"పిల్లలకి ఇస్తున్నారా?"

"మేం ఫోకస్ టాబ్లెట్ అంటాం మేడమ్. స్టార్ బ్యాచికి మాత్రమే. రండి, చూపిస్తా."

ముందు మెస్సు చూపించాడు. గంగాళాలు తోమి బోర్లించి ఉన్నాయి. వాటి అంచులకి సాలీళ్లు గూళ్లు కట్టాయి. అన్నం వండే చోటు ఒక్క మసి మరక, ఒక్క మెతుకు లేకుండా ఉండటం నేనెక్కడా చూడలేదు.

"పప్పులో పురుగులనీ, చారు నీళ్లనీ ఎప్పుడూ గోలే కదండీ. ఇప్పుడు ఒక్క కంప్లైంట్ లేదు. భోజనాలకి పోయే రెండు గంటలూ స్టడీ అవర్సే. అన్నిటికన్నా పెద్ద సంగతేంటంటే, కబుర్లు లేవు. ఆడపిల్లలండీ! కబుర్లు లేవు!"

గర్వంగా స్టడీహాలు తలుపు తీశాడు.

నూటికి పైగా పిల్లలు. పైన వరసగా కెమెరాలు. కాగితం తిప్పిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు నాకు పుల్లటి వాసన కొట్టింది, చాలామంది నోళ్లు చాలాసేపు మూసుకుంటే వచ్చే వాసన. ప్రతి పిల్ల మెడకీ తువ్వాలు కట్టి ఉంది. ప్రతి గడ్డమూ తడిగా మెరుస్తోంది. బుగ్గలు మెల్లగా కదులుతున్నాయి, ఏదో గుండ్రటిదాన్ని లోపల జాగ్రత్తగా తిప్పుతున్నట్టు. తొట్టెలో మగచేప బుగ్గలు అచ్చం అలాగే కదలడం నేను చూశాను. దాని నోట్లో గుడ్లుంటాయి. ఈ పిల్లల నోళ్లలో ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని వాళ్లు ప్రాణంలా కాపాడుతున్నారు.

గోడ పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నారయ్యా మీరు!" స్వరూప అరిచింది. "చచ్చిపోయేవాళ్ల కోసం చేసిన మందిది! చచ్చిపోయేవాళ్ల కోసం!"

ముందు వరసలో ఒక పిల్ల ఉలిక్కిపడింది. చేతిలోని రబ్బరు నోట్లో పెట్టుకుని మింగింది. తరవాత సుద్దముక్క. తరవాత పుస్తకంలోంచి కాగితం చింపి, అదీ. తువ్వాలు కొస నోట్లో కుక్కుకుంటోంది, కళ్లనిండా నీళ్లు, ఆగలేకపోతోంది. కక్కుకుంది. కక్కినదాని మీదికే మళ్లీ వంగింది.

"మింగుడు," అన్నాడు చలపతిరావు చిరాగ్గా. "గట్టిగా మాట్లాడకూడదు మేడమ్ ఇక్కడ. మీకు తెలీదా?"

ఆ మాట మామూలుగా, వాన వస్తోంది అన్నట్టు అన్నాడు. ఇది ఇదివరకు చాలాసార్లు జరిగిందని దాంతో తెలిసింది.

అప్పుడు పక్క బల్ల పిల్ల లేచింది. ఆ పిల్ల నోరూ మూసే ఉంది. తన చున్నీ తీసి స్నేహితురాలి తల మీద ముసుగులా కప్పింది. కప్పి, కెమెరాకి వీపు అడ్డం పెట్టి నిలబడింది. ముసుగు లోపల నమలడం మెల్లగా ఆగింది. ఆ పిల్ల పేరు నేను అడగలేదు. ఆ హాలులో నేను చూసిన మనిషి తనొక్కతే.

*

తిరిగి వస్తూ స్వరూప లేబరేటరీ దగ్గర కారు ఆపించింది. ఒక చేతిలో మందు సీసా, ఇంకో చేతిలో మూతపెట్టిన బకెట్టుతో వచ్చింది. బకెట్టులో గుడ్లు పట్టుకున్న మగచేప ఉంది.

"దీన్నెందుకమ్మా?"

"ఒక్కదాన్నైనా బయటికి తేవాలనిపించింది," అంది. డ్రైవరు మమ్మల్ని అద్దంలో చూసి, అడక్కుండానే పాట ఆపేసి, గతుకుల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాడు. అయినా మా వీధి మలుపులో రోడ్డు తవ్వి ఉంది. ఇంటికొచ్చి మూత తీసేసరికి చేప నోరు ఖాళీగా వేలాడుతోంది. అన్నీ మింగేసింది. స్వరూప చాలాసేపు బకెట్టులోకి చూస్తూ కూర్చుంది.

తరవాత లేచి, సీసాలో మందుని సిరంజిలోకి ఎక్కించింది.

"ఇది విరుగుడు. పది నిమిషాల్లో ఆకలి పుడుతుంది."

"భయపడితే?"

"మరేం చెయ్యమంటావు నాన్నా? ఆసుపత్రిలోనైనా చేసేది ఇదే, ఇంకా మంచానికి కట్టేసి చేస్తారు. బిళ్లలు మానేసినంత మాత్రాన పోదది. ముసలివాళ్లకి విడవాల్సిన అవసరం రాలేదు, పోయారు. చేపకైతే నోట్లో పిల్లలు పెరుగుతాయి, వదలాల్సిన రోజు వస్తుంది. దీని నోట్లో ఏముంది వదలడానికి? ఇలాగే పట్టుకుని కూచుంటే వారం తిరిగేసరికి గుండెకొస్తుంది."

గదిలోకి వెళ్లాం. తరళ మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. భుజాల ఎముకలు జాకెట్టు మీంచి తెలుస్తున్నాయి. నిన్నంతా ఈ పిల్లని చూస్తూనే ఉన్నాం. సిరంజి చూడగానే గోడకి ఒదిగిపోయింది. దవడ కదలడం మొదలైంది. చెయ్యి కిటికీ తెర కొసని లాగి నోట్లోకి తోస్తోంది.

స్వరూప సిరంజిని కింద పడేసి, రెండు చేతులూ పైకెత్తి వెనక్కి నడిచింది. నేను బీరువాలోంచి తాయారు పాత నేతచీర తీసి గుమ్మానికీ మంచానికీ మధ్య తాడు కట్టి దాని మీద వేశాను. చీర చాటున తెర నమిలే చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గింది.

బయటికొచ్చాక స్వరూప గోడకానుకుని ఏడ్చింది. "అది చేప కాదు నాన్నా. నా కూతురు."

"మరి చేపకి ఆకులు వేశారు కదమ్మా," అన్నాను. "దీన్ని మొన్నటిదాకా కెమెరాల కింద కూచోబెట్టాం. ఇప్పుడు మనం కూచుని చూస్తున్నాం. నోరు తెరుస్తుందా, తెరుస్తుందా అని. మీ అమ్మకి పెట్టేటప్పుడైనా తలుపేస్తాం కదా."

బుల్లెమ్మ వంటింట్లోంచి వింది. "పోయినోళ్లకిచ్చే మర్యాద ఉన్న పిల్లకియ్యకపోతే ఎలా బావగారూ?" అని ఉలవచారు పొయ్యి మీద పెట్టింది. ఏడుస్తూనే, దానికి తాలింపు మాత్రం పెట్టలేదు. వాసనకి పిల్ల కడుపులో తిప్పుతుందని.

ఆ రోజు నుంచి పొద్దు గుంకగానే కంచంలో కొంచెం అన్నం, చారు, మంచినీళ్లు గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చేసేవాళ్లం. లోపల దీపం లేదు. బయట మేం మామూలు మాటలు మాట్లాడుకునేవాళ్లం, కరెంటు గురించి, కుక్కపిల్లల గురించి. పొద్దున్నే దగ్గి తలుపు తీస్తే కంచం అలాగే ఉండేది, అన్నం ఎండి, చారు మీద తెట్టు కట్టి. స్వరూప దాన్ని తీసుకెళ్లి కుక్కకి పెట్టేది. నీళ్లు మాత్రం తగ్గేవి. ఒక గుక్కెడు, ఇంకో రోజు రెండు. ఆ గ్లాసుని ఆమె రోజూ వెలుతురుకి ఎత్తి చూసేది, లేబరేటరీలో గాజుగొట్టం చూసినట్టు.

పగలంతా ఫోన్లు చేసేది. కలెక్టరాఫీసుకి వెళ్లింది, పత్రికలవాళ్ల దగ్గరికి వెళ్లింది. లేబరేటరీలో ఆమె గదికి కంపెనీ వేరే తాళం వేసింది. కుమారి మాత్రం ఒకసారి వచ్చి, గేటు దగ్గరే నిలబడి, మిగిలిన మగచేపల తొట్టెలన్నిటికీ ఆకులు దట్టంగా వేసి వచ్చానని చెప్పి వెళ్లిపోయింది. ఆ వారమే టీవీలో ప్రకటన చూశాను. ఒక తల్లి నవ్వుతూ కొడుకు నాలిక మీద బిళ్ల పెడుతుంది. 'తృప్తి, ఇప్పుడు మామిడి రుచిలో.' తినకుండా చేసే మందుకి మామిడి రుచి. టీవీ కట్టేసి, పెరట్లోకి వెళ్లి ఉమ్మేశాను. ఎన్నిసార్లు ఉమ్మినా నోట్లోంచి ఆ వెగటు పోలేదు. ఇప్పటికీ పోలేదు.

శనివారం సాయంత్రానికి తరళ మంచం మీంచి లేవలేకపోయింది. ఇంక రేపు ఏదైతే అదయిందని విరుగుడు ఇచ్చేద్దామనుకున్నాం. ఆ పూట కూడా స్వరూప కంచం పట్టుకెళ్లింది. పెట్టి, లేచి రాబోయి, ఆగిపోయింది. చీర చాటు నుంచి గొంతు వినిపించింది. ఎన్నాళ్లుగానో వాడని గొంతు, తుప్పు పట్టిన గడియలా.

"అమ్మా."

స్వరూప తల తిప్పలేదు. తిప్పకుండా ఉండటానికి ఎంత బలం పట్టిందో గుమ్మం బయట నిలబడ్డ నాకు ఆమె మెడ నరాలు చూస్తే తెలిసింది.

"ఊఁ."

"నేను మళ్లీ అక్కడికి వెళ్లను."

ఎన్నాళ్ల నుంచి ఆ మాటని నోట్లో తిప్పుతోందో. మేం ఎప్పుడైనా అడిగి ఉంటేగా.

"వద్దులేమ్మా," అంది స్వరూప గోడకేసి చూస్తూ, మామూలుగా. "వెళ్లొద్దు."

వంటింట్లో బుల్లెమ్మ గరిటె ఆగిపోయింది.

"మీరు చూడకండి."

స్వరూప బయటికి వచ్చేసింది. తలుపు వెయ్యడం మర్చిపోయింది. నేను వేద్దామని చెయ్యి చాపాను. నేల మీద పాదాలు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చీకట్లోంచి ఒక సన్నని చెయ్యి తలుపు అంచుని పట్టుకుంది. వేళ్లకి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.

చప్పుడు కాకుండా, లోపలి నుంచి తలుపు దగ్గరగా వేసుకుంది.